నా పాదం దాటిన పెద్దాయన

రేపల్లె బస్టాండు మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఆ రోజు తెనాలి నుంచి వచ్చిన మా బస్సు అక్కడ ఆగింది. దిగబోతున్న ఒక పెద్దాయన, నేను కూర్చున్న ముందు సీటు పక్కకు వచ్చేసరికి నిలబడిపోయాడు. ఒళ్ళు ముందుకు వంగింది గానీ పాదాలు కదల్లేదు.

“పొద్దున్నే వేసుకొచ్చాడా ఏంటి?” అన్నాడు వెనకనుంచి ఒకడు. నలుగురు నవ్వారు.

“తాగలేదండి. పార్కిన్సన్స్ జబ్బు. కాళ్ళు అతుక్కుపోతాయి, తోయకండి” అంది ఆయన భార్య. ఆయన ముందుకు వచ్చి తన కాలు అడ్డంగా పెట్టింది. “నా కాలు దాటండి.”

“మొగుడికే కాలు అడ్డం పెడతావేంటమ్మా, పడిపోడూ? నువ్వు ముందు దిగు” అంటూ కండక్టరు ఆమెను దించేశాడు. అడ్డం ఉంటేనే ఆయన కాలు లేస్తుందని ఆమె కిందనుంచి చెబుతూనే ఉంది. వినేవాడు లేడు. వెనకవాళ్ళు ఆయన్ని బస్తాను నెట్టినట్టు నెడుతున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఆగండి, మనిషాయన” అని అరిచి, సీట్లోంచే కాలు చాపి ఆయన ముందు పెట్టాను. ఆయన నా పాదాన్నే చూశాడు. మెల్లగా ఒక కాలు లేచి దాన్ని దాటింది, వెనకే రెండోదీ దాటింది.

దాటేటప్పుడు ఆయన చెప్పు అంచు నా పాదానికి తగిలింది. ఆయన ఆగి, వణికే చేత్తో నా భుజం తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

“కాలు తగిలిందమ్మా, ఏమనుకోకు.”

కిక్కిరిసిన ఆ బస్సులో, తన వల్ల తప్పు జరిగిందనుకున్న మనిషి ఆయనొక్కడే.