పంతులమ్మ చుట్టిన కండెలు

1944 జూన్‌లో నన్ను చల్లపల్లికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఒక నేతపేటకు, మిషన్ వారి ఎయిడెడ్ ఎలిమెంటరీ స్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. బెజవాడలో హయ్యర్ గ్రేడ్ ట్రెయినింగు పూర్తిచేసి, అక్కడే ఐదేళ్లు అసిస్టెంటుగా పనిచేశాను. ఆర్డరులో నన్ను 'ప్రధానోపాధ్యాయిని' అన్నారు. చేరాక చూస్తే బడి మొత్తానికి మేం ఇద్దరమే. రెండో ఆయన దానియేలు మాస్టారు, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. కాబట్టి ఆ మాటలో 'ప్రధానం' ఆయనకు వదిలేసి 'ఉపాధి' నేను ఉంచుకున్నాను. యుద్ధకాలం, పెట్రోలు లేదు. బొగ్గుతో నడిచే బస్సులో వెళ్లి దిగేసరికి నా తెల్లచీరా, ఆ బస్సూ ఒకే రంగులో ఉన్నాయి. పేటలో మొదటి రోజు నాకు గౌరవం దక్కకపోవడానికి అదొక కారణం.

ఎయిడెడ్ స్కూలంటే, నడిపేది మిషను, గ్రాంటు ఇచ్చేది ప్రభుత్వం, ఆ గ్రాంటుకు తగునో తగదో తేల్చేది డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు. ఆయన వస్తూనే అడిగేది హాజరు పట్టీ. మా పట్టీ పైన లావుగా, కింద సన్నంగా ఉండేది. ఒకటో తరగతి గది చాలక అరుగు మీదికి వచ్చేది. నాలుగో తరగతిలో ఐదుగురే, అందరూ మగపిల్లలు. పాత పట్టీలు ఎన్ని తిరగేసినా నాలుగో తరగతిలో ఒక్క ఆడపిల్ల పేరు కనబడలేదు.

కారణం రాట్నమని తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. గుడ్డలో నిలువుగా ఉండే దారాలు పడుగు, అడ్డంగా పోయేది పేక. ఆ పేక నూలును వేలెడంత పుల్లగొట్టాల మీద రాట్నంతో చుడితే కండె అవుతుంది. కండెను నాడెలో పెడతారు. నాడె అటూ ఇటూ పరిగెత్తితేనే నేత. మగ్గం గుంటలో మగవాడు ఒక్కడు కూర్చోవాలంటే పక్కన కండెలు చుట్టే ఆడచెయ్యి ఒకటి ఉండితీరాలి. ఎనిమిదేళ్లు వచ్చిన ఆడపిల్లకు ఆ చెయ్యి వచ్చేస్తుంది. చెయ్యి వచ్చాక బడికి రాదు.

ఆ ఆగస్టులో, బడికీ తల్లిదండ్రులకూ సంబంధం పెంచాలి, పేరెంట్స్ కమిటీ వెయ్యాలి అని పైనుంచి కాగితం వచ్చింది. నేను ఉత్సాహవంతురాలిని. ఒక శనివారం సాయంత్రం సభ పెట్టి 'విద్య వలన ప్రయోజనములు' అనే విషయం మీద ముప్పావుగంట మాట్లాడాను. ముగ్గురు వచ్చారు. ఒకాయన నిద్రపోయాడు. రెండో ఆయన చివరిదాకా శ్రద్ధగా విని, "అయితే కిరసనాయిలు ఇవ్వరాండీ?" అన్నాడు. ఊళ్లో ఆఫీసు కాగితం పట్టుకుని ఎవరు మాట్లాడినా అది కంట్రోలు సరుకు గురించే అని ఆయన అనుకోవడంలో తప్పులేదు. మూడో ఆవిడ మాత్రం లేస్తూ, "బాగా చెప్పారమ్మా, గొంతు ఎండిపోయుంటుంది" అని జాలిపడింది. అది ఉపన్యాసమో, ఉపవాసమో నాకే తెలియలేదు.

అక్టోబరులో లక్ష్మీకాంతం బడి మానేసింది. మూడో తరగతి, తొమ్మిదేళ్లు. చదువులో మరీ చురుకని చెప్పను; కానీ పలక మీద రాసింది చెరిపెయ్యమంటే బాధపడే పిల్ల. "నాలుగో తరగతి పుస్తకం ఇంతలావుంటదాండీ?" అని నన్ను రెండుసార్లు అడిగింది. తల్లికి పురుడొచ్చింది, కండెలు చుట్టే పని పిల్ల మీద పడింది. వరసగా కొన్నాళ్లు రాకపోతే పట్టీలో పేరు కొట్టెయ్యాలని నిబంధన. ఒకసారి పేరు పోయిన ఆడపిల్ల తిరిగి వచ్చిందని ఆ బడి చరిత్రలో లేదు.

వాళ్లింటికి వెళ్లాను. తండ్రి నాగలింగం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు గాని నాడె ఆపలేదు. పిల్ల రాట్నం దగ్గర తల వంచుకుని కూర్చుంది. గుమ్మం పక్కన ముసలావిడ, నాగలింగం తల్లి, గోడకు ఆనుకుని ఊరికే కూర్చుని ఉంది. నేను విషయం చెప్పాను.

"పంపకూడదని కాదండి. పిల్ల లేస్తే మగ్గం ఆగుద్ది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుద్ది. దాని తల్లి లేవాలంటే ఇంకా మూడు నెలలండి, మనిషి బాగా నీరసపడింది."

"కండెలే కదా అడ్డం? అవి నేను చుట్టి పంపుతాను. పిల్లను బడికి పంపండి" అన్నాను.

ఈసారి నాడె ఆగింది. లోపలినుంచి బాలెంతరాలి నవ్వు వినబడింది. "పంతులమ్మగారు కండెలు చుడతారంట! ఇంకేం, మీరు ఎల్లి పాఠాలు చెప్పండి."

నాగలింగం కూడా నవ్వాడు. కానీ ఇంటికొచ్చిన మనిషిని కాదనలేక రెండు చిలపలు, అంటే రెండు కట్టల నూలు, ఒక పాత రాట్నం ఇచ్చాడు. కండెలు అందినన్నాళ్లు పిల్ల బడికి వస్తుందని ఒప్పందం.

నా ధైర్యానికి ఆధారం ఉంది. ట్రెయినింగులో చేతిపని కింద మాకు రాట్నం నేర్పారు. నాకు మంచి మార్కులే వచ్చాయి. మార్కులు వేసినవాళ్లు నేత నేసేవాళ్లు కారన్న సంగతి అప్పుడు తట్టలేదు. పొద్దున్న బడికి ముందు, మధ్యాహ్నం విరామంలో కూర్చుని రెండు డజన్ల కండెలు చుట్టాను. ఒక్కొక్కటి ముద్దుగా, బొద్దుగా ఉంది. లక్ష్మీకాంతం చేతికిచ్చి పంపాను. అది వాటిని చూసి ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

మర్నాడు లెక్కల పీరియడులో నాగలింగం బడికి వచ్చాడు. ఆయన బడిగుమ్మం తొక్కడం అదే మొదలు. భుజాన తువ్వాలు, జుట్టులో నూలుపోగులు, చేతిలో నా కండెల చట్టి. పిల్లలంతా లేచి నిలబడ్డారు, ఇన్‌స్పెక్టరు అనుకుని.

"ఇయ్యి తమరే చుట్టారాండీ?"

"నేనేనండి."

"నాడె నాలుగుసార్లు ఆడేసరికి కండె కండెంతా పొర్లుకొచ్చేస్తందండి. బారెడు గుడ్డ కోసెయ్యాల్సొచ్చింది. అసలే కంట్రోలు నూలు." చట్టి నా బల్లమీద పెట్టి, ఒక కండె ఎత్తి పట్టుకున్నాడు. "అడుగున లావు, మూతి దగ్గర సన్నం ఉండాలండి. తమరు అన్నిచోట్లా లావే చుట్టారు."

వెనకబెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నా ఆకారం గురించి కాదులెమ్మని సరిపెట్టుకున్నాను. మిషన్ పంతులమ్మ ముట్టుకున్న నూలని ఎవరైనా వంక పెడతారేమోనని నాకు లోలోపల ఒక శంక ఉండేది. ఆయన పెట్టిన వంక పనితనానికి, చేతికి కాదు. తిట్లు తింటూనే ఆ సంగతి గమనించాను.

"పోన్లెండి, తమరి తప్పేం లేదు. ఇయ్యాల్టినుంచి పిల్ల ఇంటికాడే ఉంటది" అన్నాడు. లక్ష్మీకాంతం లేచింది. బడి పలకను తన పావడా అంచుతో శుభ్రంగా తుడిచి, తెచ్చి నా బల్లమీద పెట్టి, తండ్రి వెనకాల వెళ్లిపోయింది. రాసింది చెరపనని మొరాయించే పిల్ల అది. ఆ రోజు నేను పట్టీ తియ్యలేదు.

మర్నాడు పొద్దున్న గంట కొట్టకముందే నాగలింగం తల్లి రమణమ్మ, ఒక చెయ్యి గోడల మీద వేసుకుంటూ నడిచి వచ్చింది. చూపు బాగా మందగించింది. "మావోడు ఒద్దన్న కండెలు ఎక్కడమ్మా, ఇట్టా ఇయ్యి" అంది. ఒకటి తీసుకుని వేళ్లతో తడిమి, గట్టిగా నవ్వింది.

"ఇది కండె కాదే, గుమ్మడిపిందె. రాట్నం తీసుకుని ఇట్టా కూర్చో."

ఆ పేటలో నన్ను ఏకవచనంలో పిలిచిన మొదటి మనిషి ఆవిడ. అండీలతో, గార్లతో అందరూ నన్ను మర్యాదగా వాకిట్లోనే ఉంచారని అప్పుడు అర్థమైంది. కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దారం ఎంత బిగువుగా రావాలో చూపించింది. రెండు చుట్లకే ఓపిక పోయి, "లే, లే" అని రాట్నం తనే లాక్కుంది. ఆవిడ వేళ్ల మధ్య దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో నాకు కనబడలేదు. దారం తెగినప్పుడు మాత్రం చెయ్యి గాలిలో వెతుక్కునేది. నేను కొస అందిస్తే ముడి తనే వేసేది.

అడిగితే చెప్పింది. రెండేళ్ల కిందటిదాకా ఆ ఇంటి కండెలన్నీ ఆవిడవే. తెగిన కొస కనబడక జాగు అవుతోందని కొడుకు, "ఇంక చాల్లే అమ్మా, ఊరుకో" అన్నాడట. ప్రేమగానే అన్నాడు. ఆవిడ ఊరుకుంది. ఊరుకోవడం తప్ప ఇంకో పని లేకుండా రెండేళ్లు గుమ్మం పక్కన కూర్చుంది.

బడిగంటకు చట్టి సగం నిండింది. ఆవిడ లేవలేదు. అరుగు మీద, మూడో తరగతి కిటికీ కింద కూర్చుని చుడుతూనే ఉంది. దారం తెగితే "అమ్మాయ్" అని కేక వేసేది. దగ్గరున్న పిల్ల ఒకతె లేచి కొస అందించి వచ్చి కూర్చునేది. మధ్యాహ్నం విరామంలో దానియేలు మాస్టారు ఆ చట్టిని స్వయంగా నాగలింగం ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి, ఒక్క మాటా చెప్పకుండా వచ్చారు. అది ఆయన పద్ధతి.

గంటలోపల నాగలింగం వచ్చాడు. "ఇయ్యి మీరు చుట్టినయ్యి కాదండి" అన్నాడు నాతో. ఎలా తెలిసిందని అడిగాను. నాడె చప్పుడు మారిందన్నాడు. చిన్నప్పుడు ఆ చప్పుడులోనే తను నేత నేర్చుకున్నాడట. అప్పుడు అరుగు చివర తల్లిని చూశాడు.

"నీకు చూపు లేదుగా అమ్మా?"

"చూపు ఈళ్లది, చెయ్యి నాది. నన్నెప్పుడన్నా అడిగావంట్రా?"

 ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఇంటికి వెళ్లాడు. కూతురిని పంపించాడు. పీరియడు మధ్యలో వచ్చి కూర్చున్న లక్ష్మీకాంతాన్ని ఆలస్యమెందుకైందని నేను అడగలేదు. నిబంధన ప్రకారం అడగాలి.

పంతులమ్మ గుమ్మడిపిందెలను చూడడానికి వారంలోగా పేటలో ఆడవాళ్లందరూ వచ్చారు. చూసినవాళ్లు నవ్వి ఊరుకోలేదు. నేర్పకుండా ఒకరూ కదల్లేదు. నవంబరు నాటికి అరుగు మీద ఆరు రాట్నాలు. ఇళ్లలో పని లేదనిపించుకున్న అమ్మమ్మలు, నాయనమ్మలు. ఒకరికి కన్ను, ఒకరికి చెయ్యి, అందరికీ నోరు. పిల్లలు ఎక్కాలు తప్పితే కిటికీలోంచి దిద్దేవారు; వాళ్లు చదువుకుని కాదు, రోజూ విని. ఇంకో ఇద్దరు ఆడపిల్లలు మళ్లీ బడికి వచ్చారు.

జనవరిలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు చెప్పకుండా వచ్చారు. బడి ఆవరణను మరో పనికి వాడకూడదని రూలు. ఆయన ఆరు రాట్నాలనూ దాటుకుంటూ లోపలికి వచ్చి, ఇదేమిటని అడిగారు. భయపడుతూనే, "పేరెంట్స్ కమిటీ అండి" అన్నాను.

"ప్రెసిడెంటెవరు?"

రమణమ్మ నావైపు తిరిగి, ఆ మాటకు అర్థమేమిటంది. అందరికీ చెప్పేవాళ్లని అన్నాను. "అయితే నేనే బాబూ" అంది, దారం వదలకుండా.

ఆయన నవ్వలేదు. హాజరు పట్టీ చూశారు, లక్ష్మీకాంతం చేత చదివించారు, అరుగు మీద పావుగంట నిలబడ్డారు. అంతలో ముసలివాళ్లు నా కండెల కథ ఆయనకు పూర్తిగా చెప్పేశారు. విజిట్ బుక్కులో ఇలా రాశారు: 'సంఘ సహకారము తృప్తికరము. ప్రధానోపాధ్యాయిని చేతిపని ఇంకను మెరుగుపడవలసియున్నది.'

1945 జూన్‌లో లక్ష్మీకాంతం నాలుగో తరగతిలో కూర్చుంది. పట్టీలో ఆ పేరు నేనే రాశాను, మామూలు సిరాతోనే.

తర్వాత రిటైరయ్యేలోపల కృష్ణా జిల్లాలో మరి నాలుగు బళ్లలో పనిచేశాను. పేటను బడికి రప్పించాలంటే పేట వినవలసింది కాదు, పేట దిద్దవలసింది ఒకటి మన దగ్గర ఉండాలి అన్నది నాకు తెలిసిన పద్ధతి. అందుచేత చేరిన ప్రతి ఊళ్లోనూ మొదటి నెల సభ పెట్టలేదు. అక్కడివాళ్లకు బాగా వచ్చి, నాకు బొత్తిగా రాని పని ఏదో ముందు కనుక్కున్నాను. నాకు రాని పనికి ఏ ఊళ్లోనూ కొరత కలగలేదు.