లారీ ఇంజినుకి పది బిందెలు

మా చిన్నప్పుడు తిరువూరులో మా ఇంటి ముందు లారీ బానెట్టు లేచిందంటే దసరా దగ్గరికొచ్చినట్టే...

ముందుకు పొడుచుకొచ్చిన మూతి ఉన్న పాత లారీ మాది. ఏడాదంతా మామిడికాయలు, పత్తి బస్తాలు మోసి మోసి, ఇంజిను మీద నూనె, దుమ్ము కలిసి వేలెడు మందాన అట్టకట్టేది. ఆయుధపూజకు ముందు రోజు నాన్న దాన్ని కిరసనాయిలుతో, కుంచెతో ఓపిగ్గా కడిగేవాడు. ఆ పనిలో ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

ఒక ఏడు మాత్రం నాన్న కడగలేదు.

ఆ వానాకాలం విస్సన్నపేట దగ్గర మలుపులో బండి జారి పక్క కాలవలోకి ఒరిగింది. ప్రాణాలకేమీ కాలేదు గాని నాన్న ఎడమచెయ్యి విరిగింది. బండి బాగుచేయించారు, చేతి కట్టూ విప్పారు... నాన్న మాత్రం బండి తీయలేదు. రోజూ పొద్దున్నే ఎక్కి సీటులో కూర్చునేవాడు. కాసేపటికి తాళం జేబులో వేసుకుని దిగొచ్చేవాడు. దసరా రోజు పూజ చేసి తీస్తానని అమ్మతో అన్నాడట. ఆ ఒక్క మాట మీద ఇల్లంతా ఆశ పెట్టుకుని ఉంది.

పూజకు ముందు రోజు నాన్న ఊళ్లోకి వెళ్లగానే అమ్మ కొంగు బిగించి బానెట్టు ఎత్తింది. అంతకుముందెప్పుడూ ఆమె ఆ బండి మీద చెయ్యి వేయగా నేను చూడలేదు. ఎందుకమ్మా నీకు అంటే, ఒక్క మాటే అంది.

"మురికి పట్టిన దాని దగ్గరికి మనిషి మనసు ఎట్టా పోద్దిరా..."

ఏళ్ల తరబడి వంటింటి గుమ్మంలోంచి చూసిన పనే కదా, అన్నీ ఆమెకు తెలుసు. తడవకూడని చోట్ల యూరియా సంచుల లోపలి ప్లాస్టిక్ కవర్లు చుట్టి తాడు కట్టింది. కిరసనాయిలు పొయ్యికే చాలడం లేదని, వేడినీళ్లలో బట్టలసోడా కలిపి, అంట్లు తోమే కొబ్బరిపీచుతో రుద్దింది. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. మధ్యాహ్నానికి అట్టంతా ఊడింది.

"సోడా జిగురు మొత్తం పోవాలి. పది బిందెలు పొయ్యి, లెక్క తప్పమాక" అని నాకు చెప్పి లోపలికి వెళ్లింది.

కుళాయి వీధి చివర. నాలుగు బిందెలు మోసి పోశాను. అక్కడే నా జతగాళ్లు గోలీలాడుతున్నారు... ఎన్ని పోశావని అమ్మ అడిగితే పది అన్నాను. ఆమె నమ్మి, పాత పంచెతో శుభ్రంగా తుడిచి, కవర్లు విప్పింది. ఇంజిను మీద అచ్చుపోసిన అంకెలున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

సాయంత్రం నాన్న వచ్చి చాలాసేపు చూశాడు. అమ్మ చేతుల వంక కూడా చూశాడు. "నూనె ఎక్కడా కారట్లేదు" అన్నాడు. అంతే.

తెల్లారి పూజ. చక్రాల కింద నిమ్మకాయలు, బూడిదగుమ్మడికాయ అన్నీ సిద్ధం. అమ్మ పసుపు తడిపి ఇంజిను పైమూత మీద మూడు బొట్లు పెట్టి, కుంకుమ కోసం పళ్లెం వైపు తిరిగింది. తిరిగి చూసేసరికి ఆ పసుపు ఎర్రబడుతోంది... అంచుల్లోంచి మొదలై, మూడు బొట్లూ ముదురెరుపు.

పూజ చూడటానికొచ్చిన పక్కింటి పెదనాన్న ముందుగా నోరు తెరిచాడు.

"బండి రక్తం అడుగుతున్నట్టుందిరా అబ్బాయ్. ఈ ఏడుకి ఆపుకో."

నాన్న చేతిలో ఉన్న తాళం మెల్లగా జేబులో వేసుకున్నాడు. పసుపు ఎందుకు ఎర్రబడిందో నాకు తెలియదు గాని, పోయని ఆరు బిందెలు మాత్రం గుర్తొచ్చాయి. పెదనాన్న వెనక్కి జరిగాను.

అమ్మ ఆ ఎరుపును వేలితో రాసి చూసింది. వేళ్ల మధ్య జారింది. నా వైపు ఒక్క చూపు చూసింది. తర్వాత ఆ వేలు నాన్న ముందు పెట్టింది.

"రక్తం కాదండీ, పారాణి. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడదూ... సోడా తగిలినా అంతే. నిన్న నేనే సరిగ్గా కడగలా. మన పెళ్లికి నా కాళ్లకు పెట్టింది ఈ రంగేగా, అప్పుడు భయపడ్డారా?"

నాన్న ఆ వేలి వంక చూస్తూ నిలబడ్డాడు. మూతి కొంచెం వంకర తిరిగింది. అది నవ్వు అని తెలియడానికి కాస్త టైము పట్టింది.

"అప్పుడూ భయపడ్డాను" అన్నాడు.

పెదనాన్న కూడా నవ్వాడు. గుమ్మడికాయ పగిలింది. నాన్న సీటెక్కి తాళం తిప్పాడు. ఈసారి దిగలేదు. అమ్మ తనంత తానే అటువైపు నుంచి ఎక్కి పక్కన కూర్చుంది. ఆమె ఆ లారీ ఎక్కడం అదే మొదలు. విస్సన్నపేట మలుపు దాకా వెళ్లి వచ్చారు. ఆ గంటసేపూ నేను అరుగు మీదే కూర్చున్నాను.

నన్ను ఆమె ఏమీ అనలేదు. మర్నాడు ఇంజిను చల్లగా ఉండగా, మళ్లీ కవర్లు కట్టి, నా చేతికి బిందె ఇచ్చింది. పది పోయించింది. ఈసారి లెక్క ఆమె పెట్టింది, పైకి వినపడేలా... ఒకటి, రెండు, మూడు...

నాన్నకు ఆ సంగతి చివరిదాకా ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇదే మొదటిసారి రాయడం.

మొన్న దసరాకు నా బండిని విజయవాడ రోడ్డులో వాషింగుకి ఇచ్చాను. నురుగు కొట్టి, పైపుతో నీళ్లు చిమ్మి, గాలి పట్టి ఇరవై నిమిషాల్లో ఇచ్చేశాడు. ఇంటికి తెచ్చి ఇంజిను మీద పసుపు బొట్టు పెట్టాను. కాసేపు అక్కడే నిలబడి చూశాను.

పసుపు పసుపుగానే ఉంది. బాగా కడిగాడు... అయినా ఎందుకో వెలితిగా అనిపించింది.

మీ ఇంట్లో బండి ఎవరు కడిగేవారు? వాళ్ల చేతులు గుర్తున్నాయా?