నాలుగు రోజుల ఫ్రెంచి లీవు

అప్పట్లో పట్నాలు చూసొచ్చినవాడు ఏం చెప్పినా మా ఊళ్లో నమ్మేవాళ్లు. చెప్పేవాడికి కూడా కొంత నమ్మకం కుదిరేది. తొంభైల చివర, పటాలంలో చేరిన మూడో ఏడు, పది రోజుల సెలవు మీద వచ్చి సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో పెళ్లి చేసుకున్నాను. సెలవు అయిపోయింది, నాకు మాత్రం కదల బుద్ధి కాలేదు. బ్యారక్‌లో ఒక సీనియర్ "పెళ్లయినోడు ఫ్రెంచి లీవు పెట్టకుండా ఉంటాడా?" అనడం గుర్తొచ్చింది. క్యాజువల్ లీవులాగా అదీ ఒకటనుకున్నాను. (నిజం చెప్పాలంటే సగం నమ్మాను, మిగతా సగం నమ్మాలనుకున్నాను.) మా ఆవిడ ఆ సంగతి వీధంతా చెప్పింది. పక్కింటి పిన్ని, "అయితే అబ్బాయిని ఫ్రాన్సు పంపిస్తారా అమ్మా?" అని అడిగిందట.

సెలవు దాటిన నాలుగో రోజు కల్లంలో నేనూ మా ఆవిడా తుమ్ముకుంటూ మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతుంటే మా మామగారు సైకిల్ దిగారు. ఆయన రిటైరైన హవల్దారు.

"ఏమయ్యా అల్లుడూ, నీ సెలవు అయిపోలా?"

"ఫ్రెంచి లీవులో ఉన్నానండి మామయ్యగారూ."

"ఎవరిచ్చారు?"

నేను ఇంకో తాలుకాయ తీసి పక్కన పడేశాను. ఆయన బస్తా మీద కూర్చున్నారు. "పూర్వం ఫ్రెంచివాళ్లు విందుకెళ్తే ఇంటాయనకి చెప్పకుండా జారుకునేవాళ్లట. ఇంగ్లీషువాళ్లు ఎగతాళికి పెట్టిన పేరది. ఫ్రెంచివాళ్లేమో అదే పనిని ఇంగ్లీషు పద్ధతి అంటారట. మన పటాలంలో మాత్రం దాన్ని నేరం అంటారు."

"అంటే అది లీవు కాదా?" అంది మా ఆవిడ, నా వంక చూడకుండా.

ఆ సాయంత్రమే ఆయన నన్ను గుంటూరు స్టేషన్‌కి తీసుకెళ్లారు. రైలెక్కబోతుంటే, "మీ ఆవిడ పుట్టినప్పుడు నేనూ చెప్పకుండా వచ్చేద్దామనుకున్నా. ధైర్యం చాలలా. ఆరో నెలలో చూశా పిల్లని," అన్నారు.

పద్నాలుగు రోజులు క్వార్టర్ గార్డులో, అంటే పటాలం ఖైదుకొట్లో, పెట్టారు, సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో రాశారు. తర్వాత ఎప్పుడూ ఒక్క పూట ఆలస్యంగా వెళ్లలేదు. రిటైరై ఇన్నాళ్లయింది, ఇప్పుడు ఎంతకాలం ఇంట్లో ఉన్నా అడిగేవాళ్లు లేరు. అయినా ఆ నాలుగు రోజులున్నట్టు మళ్లీ ఎప్పుడూ ఉండలేకపోయాను. అప్పటి నా కుర్రతెలివి తలచుకుంటే నవ్వొస్తుంది. మామగారు ఇంకో రెండు రోజులాగి వచ్చుంటే బాగుండేదనీ అనిపిస్తుంది.