ఫ్యామిలీ సెక్షన్‌లో మా అక్క

పటాన్‌చెరుకు వచ్చిన ఏడాదిలోపే బార్లు వెతుక్కుంటూ తిరుగుతానని ఎవరైనా చెప్పి ఉంటే నేను చెవులు మూసుకునేదాన్ని. మా ఆయన పుట్టి బుద్ధెరిగి బీరు గ్లాసు ముట్టలేదు. అందుకు నేను రోజూ దీపం దగ్గర దేవుడికి దండం పెట్టుకుంటాను. అయినా వెతికాం. మంచి చోటే దొరికింది. ఆ మంచి చోట నేను చేసిన పని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన మందు గోళీలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ చూస్తారు. ఆరు నెలలకు పర్మనెంట్ చేస్తామన్నారు, పది నెలలైనా చేయలేదు. ఆ సంతకం పుణె నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు చేతిలో ఉంది. ఆయన ఒకరోజు మా ఆయనను పిలిచి, గెస్ట్‌హౌసు తిండితో తన భార్య విసిగిపోయిందనీ, చల్లటి బీరూ మంచి తిండీ దొరికే పబ్ ఏదైనా చూడమనీ, శనివారం మమ్మల్ని కూడా రమ్మనీ చెప్పాడట.

మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డారు.

"పబ్ అంట. గవి సిటీల ఉంటయ్. ఈడ ఉన్నయి వైన్సులు, బార్లు."

"గదే చెప్పకపోయిండ్రా సారుకు?"

"చెప్తే, గీమాత్రం తెల్వదా అనుకోడా? ఎతుకుదాం. నువ్వు గూడ రా. ఆడోళ్లు కూసునేటట్టు ఉన్నదా లేదా అన్నది నాకేం సమజైతది?"

మూడు సాయంత్రాలు స్కూటర్ మీద తిరిగాం. మొదటిది హైవే పక్కన, లారీల వరుస వెనక ఉంది. నేను మెట్టు మీద కాలు పెట్టగానే అక్కడున్న వాచ్‌మన్ లేచి, "పైకి పోకమ్మా, నీ అసొంటోళ్లు పొయ్యే జాగ కాదు" అన్నాడు. అంత మర్యాదగా చెప్పినందుకు ఆయనకు మనసులోనే దండం పెట్టాను. రెండోదానికి ఏసీ ఫ్యామిలీ సెక్షన్ అని బోర్డు ఉంది. లోపల ఒక్కో టేబుల్‌కు ఒక్కో పరదా. ఖాళీ అనుకుని ఒక పరదా జరిపితే ఎవరో జంట. పరదా వదిలేసి మెట్లు దిగిన దాన్ని స్కూటర్ దగ్గరికి వచ్చేదాకా ఆగలేదు. మూడోది సిటీ వైపు, నిజమైన పబ్బే. నా పట్టుచీర, మల్లెపూలు, నుదుటి మీద కుంకుమ చూసి గేటు దగ్గరి మనిషి చేతులు జోడించాడు. "గుడి చందాకా అమ్మా? మేనేజర్ లేడు, రేపు రండి" అన్నాడు. మా ఆయన ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

శుక్రవారం గుడిలో భజన అయ్యాక రాలిన పూలు ఏరుతూ ఈ సంగతి అక్కకు చెప్పాను. అక్క అంటే తోడబుట్టినది కాదు. మా వీధి చివర రేకుల ఇంట్లో ఉంటుంది. మేము కొత్తగా వచ్చిన వానాకాలంలో నేను జ్వరంతో పడిపోతే, మా ఆయన నైట్ షిఫ్టుల్లో ఉంటే, నాలుగు రోజులు నూకల జావ కాచి తెచ్చి తాగించింది. అప్పటికి ఆమె నా పేరు కూడా ఎరుగదు. అప్పటి నుంచీ నన్ను చెల్లె అంటుంది. ఆమెకు చదవడం రాదు. నాకు వచ్చిన చదువు కూడా బడిది కాదు, మా తాత ఇంట్లో పలక మీద దిద్దించినదే. భజనలో నేను చదివితే ఆమె నా పక్కన కూర్చుని వెంట అంటుంది. వంట పనికి పోతానని చెప్పేది. ఏ వంటింట్లో అని నేనెన్నడూ అడగలేదు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"దేవుని ముంగట కూసుండి బార్ల ముచ్చటా చెల్లె!"

"ఏం జెయ్యాలె అక్కా, నౌకరి పని."

"ముత్తంగి చౌరస్తా దాటినంక సర్వీస్ రోడ్డు మీద ఒకటున్నది. మెట్లెక్కితే ఫ్యామిలీ సెక్షన్. గలీజు ఉండది. బాత్రూమ్ గూడ సాఫ్ ఉంటది. సారును చాపల ఫ్రై తినుమను."

"నీకెట్ల ఎర్క?"

"పోయి సూడు, నీకే ఎర్కయితది" అంది. ఆమె ముఖం అంతగా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు.

శనివారం చీకటి పడుతుండగా వెళ్లాం. అక్క చెప్పినట్టే ఉంది. తుడిచిన టేబుళ్లు, పెద్ద కిటికీ, కిటికీలోంచి రింగురోడ్డు వంతెన మీద పోయే బండ్ల దీపాలు. మేనేజరు భార్య కలుపుగోలు మనిషి. గ్లాసు పక్కకు వంచి నురగ రాకుండా బీరు ఎలా పోయాలో నాకు చూపించింది. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని తల ఊపాను. చేపల ఫ్రై వచ్చింది. ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మేనేజరు మా ఆయన భుజం తట్టాడు. ఈ ఊళ్లో ఇంత మంచి చోటు ఎలా పట్టావయ్యా అన్నాడు. మా ఆయన నావైపు చూపించారు. నాకు చాలా గర్వమనిపించింది.

అప్పుడు వంటింటి తలుపు తీసుకుని అక్క వచ్చింది.

చీర మీద పసుపు మరకల ఏప్రాన్, జుట్టుకు ప్లాస్టిక్ టోపీ, మెడ మీద చెమట. చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె. నేరుగా వచ్చి, బీరు సీసాలు కొంచెం జరిపి, గిన్నె నా ముందు పెట్టింది.

"శనారం ఒక్కపొద్దు గదా చెల్లె. కొత్త గిన్నెల పప్పు చేసిన, ఉల్లిగడ్డ గూడ ఎయ్యలే. గా మాంసం గంటె ముట్టిచ్చలే, పరేషాన్ గాకు."

శనివారాలు నేను పగలంతా ఏమీ తినను, దీపం పెట్టాక ఒక్కపూట తింటాను. ఆ బార్‌లో నాకు తినడానికి ఏమీ ఉండదని మా ఆయనకు కూడా తట్టలేదు. ఆమెకు తట్టింది.

మేనేజరు భార్య అక్కను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత నన్ను చూసింది. "ఈమె మీకు తెలుసా?" అని హిందీలో అడిగింది.

"నహీ" అన్నాను.

ఆలోచించి అనలేదు. కానీ అది నా నోటి నుంచే వచ్చింది. అక్కకు హిందీ బాగా వచ్చు, బిహారీ కుర్రాళ్లతో రోజూ పనిచేస్తుంది. గిన్నె మూత తీస్తున్న ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మేనేజరు భార్య వైపు తిరిగి నవ్వింది. శనివారం ఉపవాసం ఉండేవాళ్లు చాలామంది వస్తారు మేడం, ముఖం చూస్తేనే తెలిసిపోతుంది, అందరినీ చెల్లె అనే పిలుస్తాను అని హిందీలోనే చెప్పింది. నన్ను కూడా మేడం అంది. "ఇంకేమన్న గావాల్నా మేడం?" అని అడిగి వెళ్లిపోయింది.

నేను తల ఎత్తకుండా ఆ పప్పు తిన్నాను. గిన్నె ఖాళీ చేశాను కూడా.

తిరిగి వస్తూ ఇంటి సందు తిరిగాక మా ఆయన, "జావ తెచ్చిన అక్కనే గదా?" అన్నారు. అవునన్నాను.

సంతకం కోసమే అలా అన్నానని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. వంటమనిషి తెలుసంటే మేనేజరు సంతకం ఆపుతాడా? ఆ ఏప్రాన్, ఆ చెమట, ఆ చోట నన్ను చెల్లె అనడం, అదీ నాకు అడ్డమొచ్చింది. రోజూ పడుకునే ముందు ఆ రోజు అందిన మేళ్లన్నీ తలుచుకుని దేవుడికి చెప్పుకోవడం నా అలవాటు. ఆ రోజు అందిన మేలు ఒక్కటే, స్టీలు గిన్నెలో పప్పు. దాన్ని తలుచుకునే ముఖం లేక అటు తిరిగి పడుకున్నాను.

తర్వాతి శుక్రవారం అక్క భజనకు రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. ఇంటికి పోతే తాళం. మూడో వారం మా ఆయన పర్మనెంట్ కాగితం తెచ్చారు. సంతోషంగా ఉన్న ఆయన ముఖం చూసి నేనూ నవ్వాను. మర్నాడు పొద్దున పదకొండు గంటలకు ఆటో ఎక్కి ఒక్కదాన్నే ముత్తంగి వెళ్లి ఆ మెట్లెక్కాను.

కౌంటర్ దగ్గరి మనిషి నన్ను ఆపాడు. "ఇంక తెరువలే మేడం. ఎవరు గావాలె?"

నేను చెప్పేలోపే అక్క చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఎవరక్కా?" అన్నాడతను.

"మా చెల్లె" అంది. అంత తేలిగ్గా అంది. "మా భజనల సదువుతది."

"అక్కా, ఆనాడు నేను..."

"ఇడ్సిపెట్టు. నేను కడుపుల వెట్టుకోలే" అని, ఒక్క క్షణం ఆగి, "వెట్టుకున్న. అబద్ధమెందుకు? గుడి దిక్కు కాళ్లు రాలే. నేనేమన్న దొంగతనం జేస్తున్ననా చెల్లె? వండుతున్న. ఆ శనారం నువ్వొస్తున్నవని పొద్దుగాల్నుంచి ఎదురు జూసిన" అంది.

"మేనేజర్ మేడంకు ఫోన్ జేసి చెప్త అక్కా. నువ్వు మా అక్కవని చెప్త."

"గిప్పుడు చెప్తే నీ మనసు నిమ్మలమైతది. నాకేమొస్తది?"

ఆమె నా మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు తిప్పింది.

"ఇగ నడువు. బార్ల నిలవడ్డవని ఎవరన్న సూస్తరు."

"సూడనీ" అన్నాను.

అక్క నవ్వింది. కోపంగా కాదు. నిజంగానే నవ్వొచ్చినట్టు నవ్వింది.

"గిప్పుడా? ఈడ ఎవరున్నరు చెల్లె, సూసేటందుకు?"

హాలులో కుర్చీలన్నీ టేబుళ్ల మీద బోర్లించి ఉన్నాయి. కౌంటర్ దగ్గరి మనిషి అటు తిరిగి ఫ్రిజ్‌లో సీసాలు సర్దుకుంటున్నాడు.