పగిలిన బండ మోసినవాళ్లది

బండ దానంతట అది పగలదు. ఈ మాట నేను అరవై ఏళ్లుగా చెబుతున్నాను. విని తల ఊపేవాళ్లే తప్ప నమ్మేవాళ్లు లేరు. మొన్న మా ఊరికి దగ్గర్లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు సభ పెట్టి, చుట్టుపక్కల ముసలివాళ్లను కూడా పిలిచి కుర్చీలు వేశారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక అబ్బాయి తెర మీద బొమ్మలు చూపిస్తూ, పనిలో వృథా ఎలా తగ్గించాలో, రోజుకు కాస్త కాస్త ఎలా మెరుగుపడాలో జపాను వాళ్లు కనిపెట్టారని గంటసేపు చెప్పాడు. చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ నేను ఆ గంటసేపూ ఆ అబ్బాయి మెడ వంకే చూస్తూ కూర్చున్నాను. దాని మీద ఏనాడూ బరువు పడిన గుర్తు లేదు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారక ముందే ఇది రాస్తున్నాను.

మాచర్ల పైన కృష్ణ మీద ప్రాజెక్టు కడుతున్న రోజులవి. నాకు పాతికేళ్లు. అయిదో తరగతితో బడి మానేసినవాణ్ని. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకున్నాను, లారీల మీది రాతలు కూడబలుక్కుని ఇంగ్లీషు అక్షరాలు పట్టుకున్నాను. ఆ చదువుతోనే దాచేపల్లికి ఇవతల ఒక నాపరాళ్ల క్వారీలో లోడింగు మేస్త్రీనయ్యాను. నా అంత చదువుకున్నవాడు ఆ గోతుల్లో ఇంకొకడు లేడని నా నమ్మకం.

అక్కడ పని చెప్పడం తేలిక. మగవాళ్లు గోతిలో దిగి, ఉలితో గీత కొట్టి, గడ్డపారతో పొర లేపి బండ తీసేవాళ్లు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. తొమ్మిదిమంది ఆడవాళ్లు తల మీద చుట్టకుదురు పెట్టుకుని ఆ బండల్ని మోసేవాళ్లు. వాటిని లారీలో పేర్పించి నరసరావుపేట పంపడం నా పని. షావుకారుది నరసరావుపేటే. వారానికోసారి గొడుగు పట్టుకుని బస్సు దిగేవాడు.

ఆ క్వారీలో షావుకారు తండ్రి పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. పగిలిన బండ మోసినవాళ్లది. ఎవరి చేతిలో పగిలితే వాళ్లు సాయంత్రం దాన్ని ఇంటికి పట్టుకుపోవచ్చు. టౌనులో మూల విరిగిన బండ ఎవడూ కొనడు గనక షావుకార్లకు దాంతో నష్టమనిపించలేదు. చుట్టుపక్కల పల్లెల్లో గడపలు, స్నానాల చోట జాలాడి రాళ్లు, పశువుల కొట్టాల గోడలు అన్నీ అలా వచ్చినవే.

ఒక వేసవిలో బస్సు దిగీ దిగగానే షావుకారు నా మీద పడ్డాడు.

"ఏరా అబ్బాయ్, నేను బండల వ్యాపారం చేస్తన్నానా, ముక్కల వ్యాపారం చేస్తన్నానా? పేటలో లారీ దించితే జంతికలు దించినట్టు ఉంటంది."

"దారి బాగాలేదండీ," అన్నాను.

"దారి మా నాయన నాటి నుంచీ అట్టాగే ఉంది. మేస్త్రీవే కొత్త."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే గోతిలోంచి అప్పుడే లేపిన ఒక బండ మీద ఎర్రమన్నుతో బొట్టు పెట్టాను. అది లారీ ఎక్కేదాకా దాని వెనకే నడిచాను. ఇంకే పనీ చెయ్యలేదు. అది ఆగిన చోటల్లా ఆగాను. కదిలితే కదిలాను.

ఆడవాళ్లకు పండగైపోయింది. వాళ్లలో పెద్దామె ఒకావిడ ఉండేది. నలభై దాటిన మనిషి, చర్చి పక్క పల్లె నుంచి వచ్చేది. భర్త ప్రాజెక్టు పనిలో ఉండి నెలకోసారి వచ్చేవాడు. నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ని. ఆమె బండ దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది:

"ఏందయ్యా మేస్త్రీ, పొద్దుగాల్నించి దాని ఎనకే తిరగతన్నావు? బొట్టు కూడా పెట్టావు. ముహూర్తం ఎప్పుడు?"

"కట్నం తక్కువిస్తారేమోలే, బరువు చూస్తన్నాడు!" అంది ఇంకొకామె.

నవ్వితే నవ్వనీ అనుకున్నాను. సాయంత్రానికి నాకు తేలిందేమిటంటే, గోతి నుంచి లారీ దాకా ఆ బండను ఏడుసార్లు ఎత్తి ఏడుసార్లు దించారు. ఒకసారి గోతి ఒడ్డున, ఒకసారి అంచులు చెక్కేవాడి దగ్గర, ఒకసారి లెక్క చూసేచోట, అలాగ. దించిన ప్రతిసారీ దానికో గండం. పైగా పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. కింద చిన్న గులకరాయి ఉన్నా అడుగు బండకు నెర్రె పడుతుంది.

వారం తిరక్కుండా మార్చేశాను. అంచులు చెక్కేవాణ్ని గోతి ఒడ్డుకే తీసుకొచ్చి కూర్చోబెట్టాను. లారీ తొట్టె ఎత్తుకు సరిగ్గా రాళ్లతో తిన్నె కట్టించాను. మోసిన మనిషి తిన్నె మీదికి నడిచి వచ్చి నేరుగా లారీలోకి అందించొచ్చు. బండల్ని పడుకోబెట్టడం మాన్పించి, పుస్తకాలు సర్దినట్టు నిలబెట్టించి మధ్య వరిగడ్డి పెట్టించాను. ఏడుసార్లు దించేది మూడుసార్లకు వచ్చింది. ఆ వారం లారీలో ఒక్క బండ కూడా పగల్లేదు. షావుకారు గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, "ఫరవాలేదురా," అన్నాడు. ఆయన నోట్లోంచి ఆ మాట రావడం అంతకుముందు అక్కడెవరూ వినలేదట. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

తరవాత మళ్లీ పగలడం మొదలైంది.

విచిత్రం ఏమిటంటే నడిమికి పగలడం లేదు. మూలలు మాత్రమే విరుగుతున్నాయి, కొరికినట్టు. రోజుకు ఒకటి, ఒకోరోజు రెండు. తిన్నె సరిగ్గానే ఉంది, గడ్డి సరిగ్గానే ఉంది. మూడో రోజు నాకు కోపం ఆగలేదు. అందరినీ నిలబెట్టి అరిచాను. మీ కోసం చచ్చీ చెడీ దారి తగ్గించాను, తిన్నె కట్టాను, మీకు విశ్వాసం లేదన్నాను. పెద్దామె చుట్టకుదురు విప్పి దులుపుకుంటూ, "పని దిగినాక మా ఇంటి దాకా రా తమ్ముడా. అరిచేది అక్కడ అరుద్దువు," అంది.

వెళ్లాను. పాత పూరిపాక పక్కనే కొత్త ఇల్లు లేస్తోంది. నాలుగు గోడలూ పగిలిన నాపబండలే, ముక్కకు ముక్క అతికి సున్నంతో కట్టినవి. పైన దూలాలు వేసి ఉన్నాయి. దూలాల మీద సగం దాకా బండలు పరిచారు. మిగతా సగంలోంచి ఆకాశం కనపడుతోంది. ఆమె అత్తగారు పాక గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది.

"పోయిన వానల్లో ఈ పాక మా మీద కూర్చుంది," అంది అక్క. "ముసలమ్మని మంచంతో సహా చర్చిలో పెట్టి వచ్చా. ఈ ఏడు వానకి ముందర కప్పు పడాల. గోడకైతే ఏ ముక్కైనా సరిపోద్ది. కప్పుకి నిండు బండ కావాల, మూల విరిగిందైనా పనికొచ్చుద్ది. ఇంకా పదకొండు కావాల. నువ్వొచ్చి పగలడం మాన్పించావు."

"అయితే పగలగొడతన్నారా?"

"ఛ! ప్రభువు చూస్తన్నాడు, పగలగొట్టేదెందుకు? జాగర్తగా దించం, అంతే."

అత్తగారు పిక్క పక్కన పడేసి, "ఆళ్లందరూ మాకోసమే దించతన్నార్లే నాయనా," అంది, నాకేదో సాయం చేస్తున్నట్టు.

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. పొద్దస్తమానం బండ వెనక తిరిగినవాణ్ని, బండ పగిలితే ఎక్కడికి పోతుందో ఒక్కసారి కూడా చూడలేదు. పడమటి వైపు మబ్బులు అప్పుడప్పుడే పుడుతున్నాయి.

ఆ వారం షావుకారు బస్సు దిగగానే అక్కను వెంటబెట్టుకుని వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పాను. లారీ ఒక్క పగులు లేకుండా వెళ్లిన రోజున మోసేవాళ్లకు ఒక బండ ఇవ్వండి, పగిలితే ఆ రోజు ఏమీ వద్దు అన్నాను.

షావుకారు కళ్లు పెద్దవి చేశాడు. "నిండు బండా? మంచిదా? మా నాయన పగిలింది ఇమ్మన్నాడు గానీ మంచిది ఇమ్మన్నాడా?"

జవాబు అక్కే చెప్పింది. "పగలక ముందు అది కూడా మంచిదే గదా అయ్యా."

షావుకారు గొడుగు మొనతో నేల మీద గీతలు గీశాడు. "దీని నోరు నా కొట్లో ఉంటే బాగుండేది," అన్నాడు చివరికి, ఎవరితోనో అన్నట్టు. "సరే, కానివ్వండి. మల్లా మూల విరిగితే ఊరుకోను."

"ఇంకో మాటయ్యా," అంది అక్క. "గోతి ముందరే రాతి పెచ్చుల గుట్ట పోస్తన్నారు. దాని చుట్టూ తిరిగి రావాల్సొస్తంది. మేం ఖాళీ తల్తో ఎనక్కి పోయేటప్పుడు తలా ఒక గంపెడు పాత గోతిలో పోస్తాం. పది రోజుల్లో దారి తిన్నగా అయిద్ది."

పది రోజులు పట్టలేదు, వారంలోనే అయింది. ఆ గుట్ట చుట్టూ నేనూ రోజూ తిరిగేవాణ్ని. అది అక్కడ ఉండాల్సిందే అనుకున్నాను, కొండను ఎవరు అడుగుతారు? ఇంకా ఏమేం మార్చొచ్చో చెప్పమని ఆ ఆడవాళ్లను అప్పుడు అడగడం మొదలుపెట్టాను. ఒకామె గడ్డిని తడపమంది. జారదట. ఇంకొకామె తిన్నె రెండు వేళ్లు ఎత్తు ఎక్కువైందని ఎప్పటి నుంచో అనుకుంటోందట. "మరి చెప్పలేదేం?" అంటే, "నువ్వు అడిగితే గదా," అంది.

తొమ్మిదిమందీ కూడబలుక్కుని మొదటి పదకొండు బండలూ అక్కకే అన్నారు. తరవాత వరసగా తలా ఒకటి. రోజూ లారీ కదలగానే అందరూ తిన్నె మీద నిలబడి చేతులు దులుపుకోవడం, ఒక బండ పల్లె దారి పట్టడం. పది బండలు అలా చేరాయి. మబ్బులు గురజాల వైపు నుంచి కమ్ముకొస్తున్నాయి.

పదకొండోది నేను తెస్తానన్నాను. ఎందుకన్నానో చెప్పలేను, ఉత్సాహం.

"నువ్వా?" అంది అక్క. చుట్టకుదురు నా తల మీద పెట్టి, ఇద్దరు పట్టి బండ ఎక్కించారు. నా మెడ భుజాల్లోకి దిగిపోయింది. "గట్టు దిగేకాడ కాలు చూసుకోమాక. మెడ చూసుకో," అని వెనక నుంచి అరిచింది.

క్వారీలోంచి ఏ వైపు వెళ్లాలన్నా ఒక చిన్న గట్టు దిగాలి. జానెడు ఎత్తు కూడా ఉండదు. ఎర్రబొట్టు బండ వెనక నడిచిన రోజున కూడా నేను దాన్ని దిగాను. గుర్తయినా లేదు. ఇప్పుడు బండ కింద నుంచి నాకు నేల కనపడటం లేదు. అడుగు ఎక్కడ పడుతుందోనని కిందికి చూశాను. తల వంగింది. బండ జారింది. సరిగ్గా నడిమికి రెండు ముక్కలైంది.

వెనక తొమ్మిదిమంది నవ్వు. దాచేపల్లి దాకా వినపడి ఉంటుంది.

"తీస్కపో మేస్త్రీ," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "పగిలిన బండ మోసినోళ్లది!"

ఆ ముక్కల్ని అక్కడే వదిలి, పార తెచ్చి, ఆ సాయంత్రమే గట్టును వాలుగా చెక్కాను. పెచ్చులు పరిచి తొక్కాను. రోజుకు వందసార్లు ఆ ఆడవాళ్లు గుండె చిక్కబట్టుకుని దిగే చోటు అది. మర్నాడు లారీ ఒక్క పగులు లేకుండా వెళ్లింది. పదకొండో బండను అక్కే మోసుకుపోయింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఆ మధ్యాహ్నమే దాన్ని కప్పుకెక్కించి, సందులకు సున్నం పట్టించి, తడవకుండా పైన లారీ గడ్డి కప్పాం. పొద్దు వాలే వేళకు వాన దిగింది. అందరం కొత్తింటి లోపలే ఇరుక్కుని నిలబడి, కప్పు వంక చూస్తున్నాం. ముసలమ్మ మాత్రం అలవాటు కొద్దీ సత్తుగిన్నె తెచ్చి నట్టింట్లో పెట్టి, దాని పక్కనే చతికిలబడి చుక్క కోసం చూస్తోంది. చాలాసేపు చూసింది. వేలు పెట్టి గిన్నె అడుగు తడిమింది.

"తియ్యత్తా దాన్ని," అంది అక్క. "కూరకి గిన్నె లేదు."