తెంగనాన్‌కు నలభై నిమిషాలు

మా పైపోర్షన్‌లో కిరాయికుండే లెక్కల లెక్చరర్ బాలి ద్వీపాన్ని ఐదు రోజుల్లోకి కుక్కి, ముప్పై నాలుగు ముక్కలుగా కోసి, ఆ కాగితానికి లామినేషన్ కూడా చేయించాడు. వానకు తడిసినా చెడిపోదట. పొద్దున నాలుగున్నరకు లేవడంతో మొదలయ్యే ఆ కాగితంలో "సూర్యోదయం, ఇరవై అయిదు నిమిషాలు" అని ఒక గడి ఉంది. సూర్యుడు ఒక నిమిషం ఎక్కువ తీసుకుంటే ఏం చేస్తారని అడుగుదామనుకుని ఊరుకున్నాను. అడిగితే దానికీ ఒక గడి గీస్తాడు.

అసలు ఆ కాగితానికి నేనెట్లా చిక్కానో చెప్పాలి. మాది పోచంపల్లి వైపు నేతపని చేసుకునే ఇల్లు. నాన్న పోయాక మగ్గం తీసేసి, అమ్మను కొత్తపేటలో మా ఇంటికి తెచ్చుకున్నాను. నేను మీర్‌పేట్‌లో సర్కారు బడి టీచర్ని. మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. ఒకసారి ఆ దుకాణానికి చేనేత ప్రదర్శన వాళ్ల పుస్తకం ఒకటి వచ్చింది. అందులో బాలిలోని తెంగనాన్ అనే పల్లె ఫొటో ఉంది. ఒకామె అరుగు మీద కూర్చుని, మగ్గాన్ని నడుముకు కట్టుకుని నేస్తోంది. ఆ బట్ట చూసి నాకు ఒళ్లు జల్లుమంది. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసే పద్ధతి. మా దగ్గర దాన్నే చిటికి అంటారు. అందులోనూ నిలువు దారానికి, అడ్డదారానికి రెండింటికీ ముడులు కట్టి, పువ్వు మీద పువ్వు సరిగ్గా కూర్చోబెట్టే పని. చేతకాని వాళ్లు పట్టుకుంటే పువ్వు పిచ్చుకగూడవుతుంది.

అమ్మకు చూపించాను. అద్దాలు పెట్టుకుని చూసి, "మన చిటికే. ఎరుపు మంచిగ దిగింది," అంది. మళ్లీ చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చుంది.

నేనప్పటిదాకా దేశం దాటి ఎరగను. దాటితే అక్కడికే దాటాలనుకున్నాను. నా ప్లాన్ పోస్టుకార్డు మీద పట్టేది. ఒక్కచోట బస. తెంగనాన్‌కు ఒక రోజంతా. మిగతా రోజులు ఏం తోస్తే అది, ఏమీ తోచకపోతే ఇంకా మంచిది. బడిలో గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చునే బతుకు నాది. డబ్బు పెట్టి మరీ అంతదూరం పోయి గంటలు కొట్టించుకోవడం దేనికి?

మా ఆయనకు అది ప్లాన్‌లాగే కనపడలేదు. "గంత దూరం పోయి ఊకె కూసుంటమా? రేపు నలుగురు అడిగితే ఏం జెప్పాలె?" అన్నాడు. నలుగురంటే పక్క దుకాణాల వాళ్లు. వారం రోజుల్లో మూడు దేశాలు తిరిగొచ్చామని చెప్పి, ప్రతి కట్టడం ముందూ ఒకే తీరుగా నిలబడి, ఆ కట్టడం కనపడకుండా ఫొటోలు దిగొచ్చిన ఘనులు. ఏ ఫొటో ఏ దేశానిదో భార్యాభర్తలు మా ముందే కొట్లాడుకున్నారు. మా ఆయన మాత్రం ఆ ఫొటోలను దేవుడి పటాలు చూసినట్టు చూశాడు.

ఇద్దరమే పోవడానికి ఆయనకు భయం. అందుకని పైపోర్షన్ వాళ్లను కలుపుకున్నాడు. లెక్చరర్‌ది గుంటూరు వైపు. కోచింగ్ సెంటర్‌లో పిల్లలను పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా కూర్చోబెట్టి లెక్కలు చెప్పించే టైంటేబుళ్లు ఆయనే వేస్తాడు. ఆయన భార్యను నేను వదినా అని పిలుస్తాను, మంచి మనిషి. ఆయన కూడా అంతకుముందు విమానం ఎక్కిన పాపాన పోలేదు. కానీ ఇంటర్నెట్‌లో నాలుగు పేజీలు చదివి, బాలిలో పుట్టి పెరిగినవాడిలా మాట్లాడటం మొదలుపెట్టాడు.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. రెండ్రోజులకొక బంద్. బందయితే ఆయన కోచింగ్ సెంటర్‌కూ సెలవే. టైంటేబుల్ వేయడానికి పిల్లలు దొరక్క, ఆ చెయ్యి బాలి మీద పడింది. ఒక బంద్ రోజు డాబా మీద మీటింగ్ పెట్టాడు.

"చెల్లెమ్మా, మీరు చెప్పినట్టు రోజుకొక చోటు చూస్తే టిక్కెట్టు డబ్బులు దండగే కదా? ఆ తెంగనాన్‌కి నలభై నిమిషాలు చాలు. పక్కనే కాఫీ తోట, ఆ పక్కన సముద్రంలో గుడి. కలిపేశాను," అన్నాడు.

"సార్, ఒక్క పువ్వు నేసుడు చూడాలంటేనే నలభై నిమిషాలు చాలయి," అన్నాను.

"పువ్వు ఎట్లా నేస్తారో మీకు తెలుసు కదమ్మా? తెలిసినది చూడ్డానికి రోజంతా ఎందుకు?"

"తెలిసినోళ్లకే చూడబుద్దయితది సార్. తెల్వనోళ్లకు గదేం సమజయితది?"

ఆయన నవ్వాడు. నవ్వుతూనే అన్నాడు: "సమ్మెలూ బందులూ చేసీ చేసీ మీ వాళ్లకి కూర్చోవడం అలవాటైపోయిందమ్మా. ఊరు దాటినా కూర్చోవాలనే చూస్తారు."

వదిన ముఖం ఎర్రబడింది. "ఏం మాటలండీ అవి?" అంది.

"మేం కూసున్నం కాబట్టే గద సార్, మీకు గీ కాగితం రాసే తీరిక దొరికింది," అన్నాను. అని కిందికి దిగిపోయాను. మా ఆయన దిగలేదు. దుకాణదారు కదా, ఎదుటివాడిని నొప్పించడమంటే ఆయనకు ప్రాణసంకటం. ఒక గంట తర్వాత వచ్చి, "పోనీ తియ్యి, నీ తెంగనాన్ను తీసెయ్యనియ్యలే," అని నాకేదో రాజ్యం గెలిచి తెచ్చినట్టు చెప్పాడు. ముప్పై నాలుగులో అది పందొమ్మిదో నంబరు.

టిక్కెట్లు తీసుకున్నాక సర్కారు ఉద్యోగులందరం సమ్మెలోకి దిగాం. రోజూ ఎల్బీనగర్‌లో టెంట్ కింద మా టీచర్లతో కూర్చునేదాన్ని. రాష్ట్రం రావాలని గొంతు పోయేలా అరుస్తూనే, మనసులో సముద్రపు ఒడ్డున కూర్చుంటే ఎట్లుంటుందో అని ఆలోచించాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. లెక్చరర్‌ను తప్పుపట్టినంత సులువుగా నన్ను నేను తప్పుపట్టుకోలేకపోయాను.

బయల్దేరిన రోజు కూడా బందే. మధ్యాహ్నం కారులో ఎల్బీనగర్ చౌరస్తాకు చేరేసరికి రోడ్డు నడిమిట్లో పొయ్యిలు పెట్టి వంటావార్పు నడుస్తోంది. వండుతున్నది మా బడి వాళ్లే. గరిటె పట్టుకున్న మా సీనియర్ టీచరమ్మ కారు అద్దంలోంచి తొంగిచూసింది.

"ఏంది మేడం, పెట్టెలతోని బయల్దేరిన్రు? జైలుకే గదా?" అంది.

"బాలికి పోతున్న అక్కా. టిక్కెట్లు ఎప్పుడో తీస్కున్నం," అన్నాను. తల ఎత్తలేకపోయాను.

"ఏ వాలి? సుగ్రీవుని అన్ననా?" అంది. అందరూ నవ్వారు. "దిగుండ్రి. తినిపోండ్రి. తినకుంటే బండి కదలది."

దిగి, రోడ్డు మీద నిలబడి, విస్తరాకుల్లో పప్పన్నం తిన్నాం. నోరు తెరిస్తే యాస బయటపడుతుందని లెక్చరర్ అన్నం మెతుకులు లెక్కపెడుతున్నట్టు తలవంచుకుని తింటున్నాడు. ఎవరో మర్యాదకే, "సార్‌ది ఏ ఊరు?" అని అడిగారు. "కొత్తపేట," అన్నాడు. అంత చిన్న జవాబు ఆయన నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. నాకు నవ్వొచ్చింది. కారెక్కాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. పన్నెండేళ్లుగా మా నెత్తి మీద కాపురం ఉంటున్న మనిషి ఒక ముద్ద అన్నం అంత భయంగా తినడం నవ్వే సంగతేం కాదు.

అయితే ఆయన మీద ఆ జాలి బాలిలో దిగేదాకానే నిలిచింది.

మొదటి రోజు పొద్దున నాలుగున్నరకు తలుపులు బాదాడు. రెండు రోజుల్లో పదిహేను చోట్లు. వ్యాను ఆగగానే, "దిగండి, పన్నెండు నిమిషాలు," అనేవాడు. వ్యాను కదలగానే ఆయనే ముందు గుర్రుపెట్టేవాడు. కొండవాలున మెట్లు మెట్లుగా దిగిన పచ్చటి వరిమళ్ల దగ్గర నేను కాస్త నిలబడ్డానో లేదో, "వరి మన వైపు లేదా ఏంటి, పదండి," అన్నాడు. మరి ఆ గడి గీసిందెవరో! మా ఆయన లెక్చరర్ వెనకే కెమెరా పట్టుకుని పరుగు. వదిన కాళ్లు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి.

"ఏమండీ, కాళ్లు లాగేస్తున్నాయి. ఒక అరగంట ఎక్కడైనా కూర్చుందాం," అని బతిమాలింది.

ఆయన కాగితం చూశాడు. "రేపు సాయంత్రం బీచిలో ఇరవై నిమిషాలు ఉన్నాయి. అప్పుడు కూర్చో," అన్నాడు. పెళ్లాం వాపు కూడా ఆయన టైంటేబుల్ ప్రకారమే తగ్గాలి.

మూడో రోజు తెంగనాన్. రాళ్లు పరిచిన వీధి, రెండు వైపులా అరుగులు, వెదురు బుట్టల కింద పందెం కోళ్లు. మగ్గాలున్నాయి గానీ నేసేవాళ్లు లేరు. వాళ్లకేదో పూజ ఉందనీ, మధ్యాహ్నం దాటాక వస్తారనీ పక్కనే టీ అమ్ముకునే ఆమె వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. నా నలభై నిమిషాలూ కోళ్లను చూస్తూనే అయిపోయాయి.

"టైమైంది చెల్లెమ్మా, ఎక్కండి," అన్నాడు లెక్చరర్.

"నేను రాను సార్. మీరు పోయి చూసి రండ్రి. సాయంత్రం నన్ను ఎక్కించుకోండ్రి."

మా ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఏందే గిది, పరాయి దేశంల? మగ్గం ఎన్నడు చూడనట్టు!" అన్నాడు.

"నేను ఒచ్చిందే దీనికి. నువ్వు దేనికి ఒచ్చినవో నువ్వు చూస్కో," అన్నాను.

అప్పటిదాకా మాట్లాడని వదిన చెప్పులు విప్పి నా పక్కన అరుగు మీద చతికిలబడింది. "నేనూ ఇక్కడే ఉంటానండీ. వెళ్లిరండి," అంది. లెక్చరర్ ఒకసారి ఆమెను, ఒకసారి కాగితాన్ని చూశాడు. కాగితంలో దీనికి జవాబు లేదు. వ్యాను వెళ్లిపోయింది.

ఆ తర్వాత అద్భుతాలేవీ జరగలేదు. వదిన స్తంభానికి ఆనుకుని నిద్రపోయింది. నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. కాఫీ తోట చూసినా బాగుండేదేమో అనిపించింది. తీరిక కావాలి తీరిక కావాలని డాబా ఎగిరిపోయేలా వాదించినదాన్ని, తీరా అది చేతికొస్తే రెండు గంటలు మోయలేకపోయాను.

ఎండ వాలాక ఒకామె వచ్చి మగ్గం నడుముకు కట్టుకుంది. అరవై దాటి ఉంటాయి. నన్ను చూసి ఒక బట్ట విప్పి ధర చెప్పింది. తల అడ్డంగా ఊపాను. ఇక నా వైపు చూడటం మానేసింది. ఆమె తప్పేముంది? నాలాంటి వాళ్లను రోజుకు వంద మందిని చూస్తుంది.

నేను జరిగి జరిగి దగ్గరగా కూర్చున్నాను. అడ్డదారం వేసినప్పుడల్లా ఆగి, సన్నటి పుల్లతో దారాలను ఒక్కొక్కటీ జరిపి, పువ్వు అంచును పువ్వు అంచుకు కలుపుతోంది. ఒకచోట వెంట్రుకవాసి తప్పింది. నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకెళ్లి ఆ దారాన్ని చూపించింది. ఆమె చురుగ్గా నన్ను చూసింది. పుల్ల నా చేతికిచ్చింది. దారం జరిపాను. పువ్వు కలిసింది. ఆమె పళ్లన్నీ కనపడేలా నవ్వి ఏదో అంది. నా కొంగు అంచున వేలాడే దారం తీసి, మా నాన్న కట్టే చిటికి ముడి కట్టి చూపించాను. ఆమె దాన్ని ఎగాదిగా చూసి, పెదవి విరిచి, విప్పేసి, తనదైన ముడి కట్టింది. అది నాకంటే తొందరగా కట్టింది, గట్టిగానూ కట్టింది. ఇద్దరమూ ఒక్క మాట అర్థం కాకుండా సాయంత్రం దాకా ముడుల మీద పోట్లాడుకున్నాం. వదిన లేచి మా ఇద్దరికీ టీలు తెచ్చింది. నేసే ఆమెకు ఒక కూతురుందనీ, హోటల్లో పనిచేస్తుందనీ, మగ్గం ముట్టదనీ టీ అమ్మే ఆమె ద్వారా తెలిసింది.

మగవాళ్లు సరిగ్గా అయిదున్నరకు వచ్చారు. లెక్చరర్ ముఖం వెలిగిపోతోంది. "ఏడు చోట్లూ అయిపోయాయి! అయిదు నిమిషాలు మిగిలింది కూడా," అన్నాడు. ఏమేం చూశారని మా ఆయన్ని అడిగాను. "గుడి చూసినం. ఇంకో గుడి... నీళ్లల్ల ఉంటది... గదే, ఫొటోల ఉన్నది," అన్నాడు.

మిగిలిన రెండు రోజులు నేనూ వదినా వ్యాను ఎక్కలేదు. బస దగ్గరి సముద్రం ఒడ్డున చాప పరుచుకున్నాం. ఆఖరి రోజు మా ఆయన కడుపునొప్పి అని అబద్ధమాడి ఆగిపోయి, మాతో కలిసి మొక్కజొన్న కంకులు తిన్నాడు. లెక్చరర్ డ్రైవర్ని వెంటేసుకుని ఒక్కడే పోయి అన్ని గడులకూ టిక్కులు పెట్టుకొచ్చాడు. సూర్యాస్తమయం గడికి కూడా. ఆ సాయంత్రం కుండపోత వాన.

కొత్తపేటకు తిరిగొచ్చాక దిల్‌సుఖ్‌నగర్‌లో లెక్చరర్ పేరు మోగిపోయింది. విదేశం పోవాలనుకునే వాళ్లంతా ఆ కాగితం జిరాక్సులు తీసుకుపోయారు. వదిన మాత్రం ఎవరడిగినా, "నేను రెండున్నర రోజులే వెళ్లానండీ, మిగతాది ఆయన్నడగండి," అనేది.

అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఎన్ని ఊర్లు చూసినవ్?" అని అడిగింది.

"మంచిగ చూసింది ఒక్కటే."

"ఏం జేసినవ్ ఆడ?"

మగ్గం గురించి, ఆమె గురించి, ముడుల గురించి చెప్పాను. చెప్తుంటే నా గొంతు నాకే కాస్త గొప్పగా వినిపించింది. అమ్మ అంతా విన్నది.

"ఆమె బిడ్డ నేస్తదా?"

"లేదమ్మా. హోటల్ల నౌకరీ జేస్తదట. మగ్గం ముట్టదట," అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖంలో విచారం ఉండే ఉంటుంది.

"మంచిగ జేసింది," అంది అమ్మ. "నేసెటోళ్లను చూసెటందుకు విమానమెక్కి పోయెటోళ్లకేం, మస్తుగుంటది. నేసినోళ్లను అడుగు, ఎట్లుంటదో."

అమ్మ లేచి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూడటానికి వంటింట్లోకి పోయింది.