ముగ్గురు దాతలకు ఒకటే భోజనం

డుంబ్రిగుడకు ఎగువన, కాఫీ తోటల నడుమ ఉన్న జోడిగుడలో పాంగి లిదియా మహిళా సంఘం నాయకురాలు. ఇంటికెవరొచ్చినా అన్నం పెట్టకుండా పంపడం ఆమెకు చేతకాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఊరికి మేలు చేస్తామంటూ మూడు సంస్థలవాళ్లు వస్తుండేవారు. విశాఖ ట్రస్టు నుంచి సర్వేశ్వరరావు, విజయనగరం ఫౌండేషన్ నుంచి దేవీప్రసాద్, మిషన్ సొసైటీ నుంచి మెర్లిన్. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ముగ్గురూ నేర్పేది మాత్రం ఒకటే: సబ్బుతో చేతులు కడుక్కోవడం. ఇంటింటా సబ్బులు గుట్టలు పడ్డాయి. నీళ్లే లేవు. కొండమీది ఊట నుంచి ఆడవాళ్లు బిందెలతో మోసుకురావాలి. లిదియా ఆ మాటే ముగ్గురికీ చెప్పింది. "మా ఒక్కరివల్ల అయ్యే పని కాదమ్మా" అంటూ ముగ్గురూ కోడికూర తిని వెళ్లిపోయారు.

పక్కింటి రాజకుమారి ఉండబట్టలేక అడిగింది: "ఏటే లిదియా, గుడ్లెట్టడానికి ఒక్క పెట్టయినా మిగుల్తాదా?"

"ఈపాలి ముగ్గురికీ ఒకటే కోడి," అంది లిదియా.

ముగ్గురికీ ఫోన్ చేసి ఒకే శుక్రవారం రమ్మంది. తక్కిన ఇద్దరూ వస్తున్నారన్న ముక్క మాత్రం మింగేసింది.

మూడు జీపులు ఒకదాని వెనుక ఒకటి ఆగాయి. ఒకే పిల్లను చూడ్డానికొచ్చిన మూడు పెళ్లివారిలా ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు.

"మీరూ చేతుల శిక్షణేనా?" దేవీప్రసాద్ నీరసంగా అడిగాడు.

మెర్లిన్ సబ్బుల సంచిని వెనక్కి దాచుకుంది.

భోజనమైతే బాగానే సాగింది. చేతులు కడగబోతే బిందె బోర్లించి ఉంది.

"సబ్బులు ఇగో బాబూ, కావలిసినన్ని. నీళ్లు నేవు. ఊట కాడికెల్లాల. బేగి నడండి, కూర ఎండిపోద్ది," అంది లిదియా.

కూర చేతులు గాల్లోకెత్తి ముగ్గురూ కొండెక్కారు. సర్వేశ్వరరావు రెండుసార్లు జారి, ఆ చేత్తోనే తెల్లచొక్కా పట్టుకున్నాడు. నిండు బిందెలతో దిగుతున్న ముసలి గాసమ్మకు దారి వదిలి పొదల్లో నిలబడ్డారు. ఊట దగ్గర ముగ్గురూ చేతులు కడుక్కున్నారు.

"పైపులు మేమిస్తే, ట్యాంకు ఎవరైనా కడతారా?" అంది మెర్లిన్.

"ట్యాంకు మాది," అన్నాడు సర్వేశ్వరరావు రొప్పుతూ.

"రిపేర్లు ఇక్కడి ఆడవాళ్లకే నేర్పిస్తాం. మరి చేతుల శిక్షణో?" అన్నాడు దేవీప్రసాద్.

"అది మాకొచ్చేసింది బాబూ. మీ ముగ్గురి కాడా పాసయిపోనాం," అంది వెంట వచ్చిన లిదియా.

పైపులొచ్చాయి, గుండ్రటి ట్యాంకు లేచింది. అంతలో బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న పేచీ మొదలై పని ఆగిపోయింది. కుదిరింది కాస్తా చెడిపోతుందేమోనని లిదియాకు అన్నం సహించలేదు. వాళ్లు అరకులో సమావేశమయ్యారని తెలిసి సంత జీపెక్కి వెళ్లింది.

"బోర్డెందుకు బాబూ? ట్యాంకు సుట్టూ రాయించండి. గుండ్రంగా ఉంటే ముందేటి, ఎనకేటి?"

మొదట మెర్లిన్ నవ్వింది. తర్వాత ఇద్దరూ.

ఇప్పుడు కొత్త ఊరికి వెళ్లాలంటే ముగ్గురూ ముందు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటున్నారు. జోడిగుడలో కుళాయి విప్పిన రోజు మొదట గాలి బుసకొట్టింది, తర్వాత బురద, ఆ తర్వాత తేటనీళ్లు. లిదియా స్తోత్రగీతం ఎత్తుకుంది. రాజకుమారి చెంబుడు నీళ్లు తెచ్చి ఆమె నెత్తిన గుమ్మరించింది.